ఔటర్ రింగ్ రోడ్డు: దారి లెక్క, భూమి లెక్క

నాగపూర్ నుంచి బెంగళూరు పోయే లారీకి హైదరాబాద్‌లో పనేమీ ఉండదు. అయినా ఔటర్ రింగ్ రోడ్డు రాకముందు ఆ లారీ మేడ్చల్, కొంపల్లి మీదుగా వచ్చి సికింద్రాబాద్‌లో దూరి, నగరం కడుపులోంచి సాగి, ఆరాంఘర్ దగ్గర తేలి శంషాబాద్ దారి పట్టాల్సి వచ్చేది. ముంబై నుంచి విజయవాడకు సరుకు మోసే లారీదీ అదే కథ. పటాన్‌చెరు, కూకట్‌పల్లి, ఆ తర్వాత నగరమంతా, చివరికి ఎల్బీనగర్, హయత్‌నగర్. పగటిపూట భారీ వాహనాలకు అనుమతి లేకపోవడంతో డ్రైవర్లు ఊరి బయట బండి ఆపి చీకటి పడేదాకా కాచుకునేవాళ్లు. రాత్రి పది దాటాక ఆ లారీలన్నీ ఒక్కసారిగా కదిలితే ఆ రోడ్ల పక్కన ఇళ్లున్నవాళ్లకు నిద్ర ఉండేది కాదు.

హైదరాబాద్ నడిమధ్య రెండు పెద్ద జాతీయ రహదారులు కలుస్తాయి. అప్పటి లెక్కలో అవి 7, 9. 2010 తర్వాత నంబర్లు మారి 44, 65 అయ్యాయి. వీటికి తోడు వరంగల్ రోడ్డు, కరీంనగర్ వైపు రాజీవ్ రహదారి, నాగార్జునసాగర్ రోడ్డు, శ్రీశైలం రోడ్డు, చేవెళ్ల మీదుగా బీజాపూర్ రోడ్డు ఉన్నాయి. ఇన్ని దారులు ఒక్కచోటికే వచ్చి పడుతుంటే వాటిని బయటే కలిపే చుట్టుదారి కావాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. మెహిదీపట్నం, అత్తాపూర్, ఆరాంఘర్, చాంద్రాయణగుట్ట, ఎల్బీనగర్, ఉప్పల్, తార్నాకలను కలిపే ఇన్నర్ రింగ్ రోడ్డు ఆ ఆలోచనకు తొలి రూపం. అయితే అది అందరూ ఎక్కగలిగే, ఎక్కడ పడితే అక్కడ దుకాణం తెరవగలిగే మామూలు రోడ్డు. చూస్తుండగానే నగరం దాన్ని దాటిపోయింది. ఈరోజు ఇన్నర్ రింగ్ మీద నిలబడ్డ మనిషికి తాను నగరం నడిబొడ్డున ఉన్నట్టే అనిపిస్తుంది.

ఆ అనుభవం తర్వాత వచ్చిన ఔటర్ రింగ్ రోడ్డుకు ఇప్పుడు ఇరవై ఏళ్ల చరిత్ర ఉంది. 158 కిలోమీటర్ల చుట్టు, ఎనిమిది లేన్లు, అధికారిక పేరు జవహర్‌లాల్ నెహ్రూ ఔటర్ రింగ్ రోడ్డు. జనానికి మాత్రం ఉత్త ‘ఔటర్’. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దారిగా ఔటర్ దేశంలో ఏ నగరమూ చేయలేనంత మంచి పని చేసింది. భూమి విషయంలో మాత్రం అది చేసిన అన్యాయం ఇంకా సరిదిద్దలేదు. అంతకంటే పెద్ద చుట్టు ఒకటి ఇప్పుడు వేయబోతున్నాం కాబట్టి ఈ రెండు లెక్కలనూ విడివిడిగా చూడటం అవసరం.

2005 చివర్లో హైదరాబాద్ గ్రోత్ కారిడార్ లిమిటెడ్ అనే సంస్థ పుట్టింది. అప్పటి నగరాభివృద్ధి సంస్థ హుడా, ఆంధ్రప్రదేశ్ మౌలిక సదుపాయాల సంస్థ ఇన్‌క్యాప్ కలిసి పెట్టిన కంపెనీ అది. హుడా 2008లో హెచ్ఎండీఏగా మారింది. రోడ్డు కట్టే సంస్థ పేరులో ‘రోడ్డు’ లేదు, ‘గ్రోత్ కారిడార్’ ఉంది. అంటే ఇది లారీల కోసమే వేస్తున్న దారి కాదని ప్రభుత్వానికి మొదటి రోజునుంచే తెలుసు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా 2006లో పనులు మొదలయ్యాయి. ముందుగా ఎత్తుకున్నది గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఉన్న ముక్క. కారణం సులువుగానే అర్థమవుతుంది. బేగంపేట విమానాశ్రయం మూతపడి 2008 మార్చిలో శంషాబాద్‌లో కొత్తది తెరుచుకుంది. ఐటీ కంపెనీలున్న పడమటి నగరం నుంచి అక్కడికి సూటి దారి లేదు. ఆ ముక్కను 2008 నవంబరు 14న, నెహ్రూ పుట్టినరోజున ప్రారంభించారు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే మరుసటి ఏడాది వచ్చింది.

మిగతా చుట్టుకు డబ్బు రెండు దారుల్లో వచ్చింది. నార్సింగి నుంచి పటాన్‌చెరు, శంషాబాద్ నుంచి పెద్ద అంబర్‌పేట ముక్కలను యాన్యుటీ పద్ధతిలో కట్టించారు. కాంట్రాక్టరు తన పెట్టుబడితో రోడ్డు వేస్తాడు, ప్రభుత్వం ఏళ్ల తరబడి ఆరు నెలలకోసారి నిర్ణీత మొత్తం చెల్లిస్తూ పోతుంది. టోల్ తగ్గినా పెరిగినా కాంట్రాక్టరుకు సంబంధం ఉండదు. ఈ రెండూ 2011లో వాడకంలోకి వచ్చాయి. ఉత్తరాన పటాన్‌చెరు నుంచి శామీర్‌పేట, ఘట్‌కేసర్ మీదుగా పెద్ద అంబర్‌పేట దాకా సాగే 70 కిలోమీటర్ల పైచిలుకు అర్ధచంద్రానికి జపాన్ అంతర్జాతీయ సహకార సంస్థ జైకా అప్పు ఇచ్చింది. ఈ భాగం ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది. రాష్ట్రం విడిపోయాక కూడా పనులు సాగుతూనే ఉన్నాయి. ఆఖరున మేడ్చల్ దగ్గర కండ్లకోయలో కిలోమీటరు పైచిలుకు ముక్క మిగిలిపోయింది. భూసేకరణ వివాదాలు కోర్టుల్లో నలగడంతో, మిగతా చుట్టంతా తయారైనా వాహనాలు అక్కడ కిందికి దిగి సర్వీస్ రోడ్డు మీద తిరిగి మళ్లీ పైకెక్కేవి. ఆ ముక్క 2018 మే 1న తెరుచుకుంది. అలా పన్నెండేళ్లకు చుట్టు పూర్తయింది. మొత్తం ఖర్చు రూ.6,696 కోట్లు.

ఇప్పుడు ఆ చుట్టు మీద ఒకసారి తిరిగొద్దాం. ఎగ్జిట్ నంబర్లు గడియారం ముల్లు తిరిగే దిక్కులోనే పెరుగుతాయి. ఒకటో నంబరు కోకాపేట. అక్కడినుంచి ఉత్తరానికి సాగితే కొల్లూరు, ఈదులనాగులపల్లి. ఇక్కడ వికారాబాద్ వైపు వెళ్లే రైలు మార్గాన్ని ఔటర్ దాటుతుంది. కొల్లూరులోనే ప్రభుత్వం 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల కాలనీ కట్టి 2023 జూన్‌లో ప్రారంభించింది. నగరంలో కూలిపనులు, ఇళ్లపనులు చేసుకునే కుటుంబాలకు ఇల్లు దొరికింది. పని మాత్రం పాతచోటే ఉండిపోయింది. ఆ కుటుంబాల్లో చాలామందికి కారు ఉండదు, ఔటర్ మీదికి బైకును రానివ్వరు. కిటికీలోంచి కనిపించే ఎనిమిది లేన్ల రోడ్డు వాళ్లకు అక్కరకు రాదు.

మూడో ఎగ్జిట్ పటాన్‌చెరు. ముంబై రహదారి ఇక్కడ కలుస్తుంది. పరిశ్రమలకూ, ఇక్రిశాట్ పరిశోధన క్షేత్రానికీ పేరుపడ్డ చోటు. ఆ తర్వాత వైద్య పరికరాల పార్కు ఉన్న సుల్తాన్‌పూర్, వైమానిక దళ అకాడమీకి దగ్గరగా ఉండే దుండిగల్, అటుపైన నాగపూర్ రహదారి కలిసే మేడ్చల్. ఔటర్ పుట్టుకకు మొదటి కారణమైన లారీలు నిజంగా కనిపించేది పటాన్‌చెరు నుంచి మేడ్చల్ దాకా ఉన్న ఈ వంపులోనే. శామీర్‌పేట దగ్గర రాజీవ్ రహదారి, దానికి కాస్త పైన ఔషధ పరిశోధన సంస్థలున్న జీనోమ్ వ్యాలీ. కీసర గుట్టను ఒక పక్కకు వదిలి దక్షిణానికి తిరిగితే ఘట్‌కేసర్, వరంగల్ రహదారి, కాజీపేట రైలు మార్గం. తారామతిపేట, గౌరెల్లి పరిసరాల్లో ఔటర్ మూసీని దాటుతుంది. నగరంలోకి పడమట నార్సింగి వైపునుంచి ప్రవేశించిన మూసీ తూర్పున ఇక్కడ నగరాన్ని వదిలి వెళ్తుంది. మూసీ ప్రక్షాళన పథకం చెప్పే 55 కిలోమీటర్ల పొడవు కూడా ఔటర్ పడమటి అంచు నుంచి తూర్పు అంచు దాకానే.

పదకొండో ఎగ్జిట్ పెద్ద అంబర్‌పేట. సంక్రాంతికి మూడు రోజుల ముందు ఈ జంక్షన్ చూస్తే ఔటర్ విలువేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. మియాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్‌ల నుంచి కోస్తా ఊళ్లకు బయలుదేరే కార్లు నగరం లోపలికి పోకుండా చుట్టు తిరిగి ఇక్కడ విజయవాడ రహదారిలో కలుస్తాయి. ఆ వరదంతా మళ్లీ పంతంగి టోల్ గేటు దగ్గర ఆగుతుంది, అది వేరే సంగతి. ఇక్కడినుంచి దక్షిణపు వంపు మొదలవుతుంది. సాగర్ రోడ్డు కలిసే బొంగ్లూరు, టీసీఎస్, విమాన విడిభాగాల పరిశ్రమలు వచ్చిన ఆదిభట్ల, ఆపైన రావిర్యాల, శ్రీశైలం రోడ్డు కలిసే తుక్కుగూడ, పెద్ద గోల్కొండ, శంషాబాద్. బెంగళూరు రహదారీ మహబూబ్‌నగర్ రైలు మార్గమూ దాటాక రోడ్డు హిమాయత్‌సాగర్‌కు దగ్గరగా నడుస్తుంది. పోలీసు అకాడమీ పేరుమీద అప్పా జంక్షన్‌గా స్థిరపడ్డ పద్దెనిమిదో ఎగ్జిట్ తర్వాత పంతొమ్మిదోదైన నానక్‌రామ్‌గూడతో చుట్టు ముగుస్తుంది. మొదట పంతొమ్మిదే ఉన్న ఇంటర్‌ఛేంజీలకు ఆ తర్వాత మరికొన్ని జతయ్యాయి. నార్సింగిది 2023 జూలైలో తెరిచారు.

దారిగా ఔటర్ ఎందుకు నెగ్గిందో తెలియాలంటే బెంగళూరుతో పోల్చి చూడాలి. బెంగళూరు కూడా 1990ల చివర్లో 60 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వేసింది. నేలమట్టాన, కూడళ్లతో, రెండు పక్కలా ఎవరైనా గేటు తీసి రోడ్డెక్కగలిగేలా వేసింది. సిల్క్ బోర్డ్ నుంచి కె.ఆర్. పురం వరకు ఐటీ పార్కులన్నీ ఆ రోడ్డు మీదికే తలుపులు తెరిచాయి. పదేళ్లు తిరక్కుండానే దేశంలోకెల్లా పేరుమోసిన ట్రాఫిక్ జామ్ అక్కడ తయారైంది. దాని బయట మరో చుట్టు వేయాలని 2000లలోనే నోటిఫికేషన్ ఇచ్చినా, భూమి ధర కొండెక్కాక అది ఏళ్ల తరబడి కాగితం దాటలేదు.

హైదరాబాద్ తీసుకున్న సరైన నిర్ణయం ఒక్కటే. ప్రధాన రోడ్డుకు ప్రవేశాన్ని కట్టడి చేసింది. రోడ్డును కట్ట మీద ఎత్తుగా వేసి, ఇంటర్‌ఛేంజీ దగ్గర తప్ప ఎక్కడా ఎక్కడానికీ దిగడానికీ వీల్లేకుండా చేసి, స్థానికుల రాకపోకలకు రెండు వైపులా కింద సర్వీస్ రోడ్లు ఇచ్చింది. టోల్ కూడా ఎక్కినచోటుకూ దిగినచోటుకూ ఉన్న దూరాన్ని బట్టి కట్టే పద్ధతి. దీనివల్ల నగరం ఔటర్ దాకా వచ్చి దాన్ని దాటిపోయినా పైరోడ్డు బైపాస్‌గానే మిగిలింది. రద్దీ అంతా ఇంటర్‌ఛేంజీల కింద, సర్వీస్ రోడ్ల మీద పోగుపడింది. సాయంత్రం ఏడింటికి నానక్‌రామ్‌గూడ దగ్గర దిగే కార్ల వరుసను చూసి ఔటర్ విఫలమైందనేవాళ్లున్నారు. ఆ వరుస లోపలి రోడ్ల వైఫల్యం. శంషాబాద్ నుంచి పటాన్‌చెరుకు ఇవాళ్టికీ లారీ ఆగకుండా పోతోంది, 2006లో అనుకున్నదీ అదే.

వేగం మోసుకొచ్చిన చావుల గురించి మాట్లాడకుండా ఈ రోడ్డు చరిత్ర చెప్పకూడదు. తొలి ఏళ్లలో ఔటర్‌ను కొందరు యువకులు పందేల మైదానం అనుకున్నారు. 2011 సెప్టెంబరులో మాజీ క్రికెట్ కెప్టెన్ అజహరుద్దీన్ కుమారుడు మోటార్‌సైకిల్ ప్రమాదంలో గాయపడి కన్నుమూశాడు. 2024 ఫిబ్రవరి 23న సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఎమ్మెల్యే లాస్య నందిత పటాన్‌చెరు దగ్గర తెల్లవారుజామున కారు ప్రమాదంలో ప్రాణాలు కోల్పోయారు. ఈ వార్తలు అందరికీ గుర్తుంటాయి. గుర్తుండనివి చాలా ఎక్కువ. ఆగి ఉన్న లారీని వెనకనుంచి గుద్దిన కార్లు, నిద్ర తూలిన డ్రైవర్లు, ఎండకు పేలిన టైర్లు.

ఇక్కడ రోడ్డు కట్టినవాళ్ల బాధ్యత ఉంది. వందల కిలోమీటర్లు నడిపి వచ్చిన లారీ డ్రైవరుకు ఔటర్ మీద ఆగి నిద్రపోయే చోటు, మరుగుదొడ్డి, టీ దొరికే చోటు ఏళ్ల తరబడి సరిగా లేవు. అతను అంచున బండి ఆపితే నేరం, ఆపకపోతే కునుకు. చాలా భాగం చాలాకాలం చీకట్లోనే ఉంది. 136 కిలోమీటర్ల మేర కొత్త ఎల్‌ఈడీ దీపాలు వెలిగింది 2021 డిసెంబరులో. 2023లో గరిష్ఠ వేగాన్ని గంటకు 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. రోడ్డు డిజైను దానికి తగ్గదే. కానీ లారీలు ఎడమ లేన్లలోనే ఉండాలన్న నియమం కచ్చితంగా అమలు కాని చోట 120 అనుమతించడం నాకు తొందరపాటనే అనిపిస్తుంది. కుడి లేన్లో 60 మీద పోతున్న లారీ వెనక్కి 120 మీద కారు వచ్చి చేరితే డ్రైవరుకు మిగిలే సమయం చాలా తక్కువ.

ఇక రెండో లెక్క, భూమిది. దారి ఎటు పోవాలన్న దగ్గరే గొడవ మొదలైంది. పెద్దల భూములను తప్పించడానికి అలైన్‌మెంట్‌ను వంపులు తిప్పారని అప్పటి ప్రతిపక్షాలు శాసనసభలోనూ బయటా ఆరోపించాయి, కొందరు హైకోర్టుకు వెళ్లారు. ఏ వంపు ఇంజినీరు వేసింది, ఏ వంపు పలుకుబడి వేసింది అన్న చర్చ ఇప్పటికీ ఆ ఊళ్లలో నడుస్తుంది. దాని తీర్పు ఎలా ఉన్నా, పరిహారం గురించి మాత్రం సందేహం లేదు. భూసేకరణ జరిగింది 1894 నాటి చట్టం కింద. బ్రిటిష్ వాళ్లు రాసిన ఆ చట్టంలో రైతు సమ్మతి అక్కర్లేదు, పరిహారానికి కొలబద్ద రిజిస్ట్రేషన్ విలువలు. స్టాంపు డ్యూటీ తగ్గించుకోవడానికి దస్తావేజుల్లో తక్కువ ధర రాయడం మామూలైన చోట, రిజిస్ట్రేషన్ విలువ అంటే అసలు ధరలో చిన్న ముక్క. ఎక్కువ పరిహారం కోసం వేసిన కేసులు ఏళ్ల తరబడి సాగాయి. 2013లో కొత్త భూసేకరణ చట్టం వచ్చేసరికి ఔటర్‌కు కావలసిన భూమి చాలావరకు చేతులు మారిపోయింది.

డబ్బుకు మించిన నష్టం ఇంకొకటుంది. ఎత్తయిన కట్ట ఊరికి అడ్డంగా పడితే ఇల్లు ఒక పక్క, పొలం ఇంకో పక్క అవుతాయి. అండర్‌పాస్ ఉంది నిజమే, అది ఎక్కడుందన్నదే సమస్య. నిన్నటిదాకా గెట్టు మీద నడిచి పది నిమిషాల్లో చేనుకు పోయిన మనిషి ఇప్పుడు సర్వీస్ రోడ్డు వెంట పోయి, అండర్‌పాస్ దాటి, మళ్లీ వెనక్కి రావాలి. గొర్రెల మంద ఉన్నవాళ్లకు అదొక ప్రయాణం. వానాకాలంలో ఆ అండర్‌పాస్‌లో నీళ్లు నిలిస్తే దారే ఉండదు. సాగు అలా కష్టమై కొందరు అమ్మేసుకున్నారు. రోడ్డు కోసం పోయిన ఎకరాలకైతే లెక్క ఉంది. రోడ్డు వల్ల సాగు మానుకున్న ఎకరాలను ఎవరూ లెక్కగట్టలేదు.

నీటి సంగతీ ఇంతే. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని కాపాడటానికి కట్టిన జంట జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు దగ్గరగా ఔటర్ సాగుతుంది. వాటి చుట్టూ 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసిన 1996 నాటి 111 జీవో పరిధిలోని కొంత ప్రాంతం కూడా దీని దారిలో ఉంది. జీవో నిర్మాణాలను ఆపుతుంటే ఎనిమిది లేన్ల రోడ్డు అక్కడికి కొనేవాళ్లను తోలుకొచ్చింది. ఆ జీవోను ఎత్తేయాలన్న ఒత్తిడి ఏటా ఎందుకు పెరిగిందో తెలియాలంటే ఔటర్ మ్యాపు పక్కన పెట్టుకుంటే చాలు. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తిన వానాకాలాల్లో రాజేంద్రనగర్ దగ్గర సర్వీస్ రోడ్డు నీట మునిగి మూతపడుతుంది. తన వాగు ఎటు పోవాలో నీటికి తెలుసు, మనమే దానికి అడ్డంగా రోడ్డు వేశాం.

రోడ్డుకు రెండు పక్కలా ఒక్కో కిలోమీటరు వెడల్పున గ్రోత్ కారిడార్‌గా ప్రకటించి, 2008లో దానికి ప్రత్యేక అభివృద్ధి నియమాలు ఇచ్చారు. ఆ పట్టీలో అడ్డంగా నిలువుగా గ్రిడ్ రోడ్లు వస్తాయనీ, ఇళ్లూ ఆఫీసులూ ఒక వరుసలో లేస్తాయనీ అనుకున్నారు. చాలాచోట్ల గ్రిడ్ రోడ్లకంటే ముందే వెంచర్లు లేచాయి. భూమి ధర పెరిగింది. ఎంత పెరిగిందో చెప్పడానికి కోకాపేట ఒక్కటి చాలు. 2023 ఆగస్టులో అక్కడి నియోపోలిస్ లేఅవుట్ వేలంలో ఎకరం అత్యధికంగా రూ.100.75 కోట్లు పలికింది. ప్రభుత్వానికి ఆ వేలంలో వచ్చింది రూ.3,319 కోట్లు. 158 కిలోమీటర్ల రోడ్డు మొత్తం ఖర్చులో దాదాపు సగం, 45 ఎకరాల మీదే తిరిగొచ్చింది. 2025 నవంబరు వేలాల్లో ధర ఎకరానికి రూ.150 కోట్లు దాటింది.

ఈ విలువంతా ఎక్కడినుంచి వచ్చింది? ఐటీ కంపెనీలు ఉన్నాయి, విమానాశ్రయం ఉంది. వాటిని కలిపి కట్టింది మాత్రం రోడ్డు. రోడ్డు వేయడానికి చేను ఇచ్చిన రైతుకు ఆ పెరుగుదలలో వాటా రాలేదు. పక్క సర్వే నంబరులో ఉండి చేను పోనివాడికి వచ్చింది, అలైన్‌మెంట్ ముందే తెలుసుకుని కొన్నవాడికి ఇంకా ఎక్కువ వచ్చింది. గీత ఒక అంగుళం అటు జరిగితే కోటీశ్వరుడు, ఇటు జరిగితే కూలీ. పబ్లిక్ డబ్బుతో పుట్టిన విలువను ఇలా గీత పంచిపెట్టడం నాకు ఏ కోణంలోనూ న్యాయంగా కనిపించదు.

వేరే దారి లేదా అంటే ఉంది, మన దేశంలోనే ఉంది. అహ్మదాబాద్ నగరాభివృద్ధి సంస్థ 2000లలో 76 కిలోమీటర్ల సర్దార్ పటేల్ రింగ్ రోడ్డు వేసింది. భూమిలో చాలా భాగాన్ని సేకరణ నోటీసులతో లాక్కోలేదు, టౌన్ ప్లానింగ్ స్కీముల కింద కూర్చింది. ఒక ప్రాంతంలోని కమతాలన్నిటినీ కలిపి కొలిచి, రోడ్డుకూ పార్కుకూ బడికీ కావలసింది అందరి దగ్గరా ఒకే నిష్పత్తిలో తీసుకుని, మిగిలిన దాన్ని వంకరలు తీర్చిన ప్లాట్లుగా ఎవరిది వారికి తిరిగి ఇస్తారు. కమతం తగ్గుతుంది, విలువ పెరుగుతుంది, నష్టమైనా లాభమైనా ఊరంతా పంచుకుంటుంది. గీత ఎవరి చేను మీద పడిందన్నది అదృష్టం కాకుండా పోతుంది.

అయితే అహ్మదాబాద్ రోడ్డుకు ప్రవేశ నియంత్రణ లేదు. కూడళ్ల దగ్గర రద్దీ పేరుకుని ఇప్పుడు ఫ్లైఓవర్లు కడుతూ, వెడల్పు చేస్తూ తంటాలు పడుతున్నారు. ఇంజినీరింగ్‌లో హైదరాబాద్, భూమిలో అహ్మదాబాద్, రెండూ సరిగ్గా చేసిన నగరం ఇంకా లేదు. అమరావతిలో 2015లో భూసమీకరణ కింద 33 వేల ఎకరాలకు పైగా తీసుకుని మెట్ట ఎకరానికి వెయ్యి గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం ఇస్తామన్నారు. పద్ధతి మంచిదే. కానీ ప్రభుత్వం మారి పనులు ఐదేళ్లు ఆగిపోతే భూమి ఇచ్చినవాళ్లు రోడ్డెక్కారు. ప్లాటు తిరిగి ఇస్తామన్న మాటకు ఏ ప్రభుత్వమొచ్చినా తప్పించుకోలేని చట్టపు హామీ ఉండాలని ఆ ఐదేళ్లు చూపించాయి.

2023లో ఔటర్ కథ మరో మలుపు తిరిగింది. టోల్ వసూలు, నిర్వహణలను 30 ఏళ్లపాటు ఐఆర్‌బీ సంస్థకు అప్పగించి హెచ్ఎండీఏ రూ.7,380 కోట్లు ఒకేసారి తీసుకుంది. రోడ్డు వేయడానికైన ఖర్చుకంటే ఇది ఎక్కువే కాబట్టి లాభమన్నది అప్పటి ప్రభుత్వ వాదన. ముప్పై ఏళ్లకు పంచితే ఏడాదికి రూ.246 కోట్లు, పెరిగే రద్దీకి ఇది చాలా తక్కువన్నది విమర్శకుల వాదన. ఈ భాగహారం ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. ఇవాళ చేతికొచ్చే రూపాయి, పాతికేళ్ల తర్వాతి రూపాయి ఒకటి కావు, నిర్వహణ ఖర్చు కూడా ఆ సంస్థదే. కానీ రోడ్డు విలువను ప్రభుత్వం ఎంతగా అంచనా వేసిందో టెండర్లకు ముందే జనానికి చెప్పకపోవడం పెద్ద తప్పు. ప్రభుత్వం మారాక 2024లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి దీనిపై ప్రత్యేక దర్యాప్తు ప్రకటించారు. ఇంకో ప్రశ్నను మాత్రం రెండు పక్షాలూ అడగలేదు. సర్వీస్ రోడ్లు, అండర్‌పాస్‌లు, గ్రిడ్ రోడ్లు బాగుచేయడానికి ఆ ఏడు వేల కోట్లలో ఎంత కేటాయించారు? కట్ట కింద నడిచేవాళ్లు టోల్ కట్టరు కాబట్టి వాళ్ల రోడ్డుకు ఒప్పందంలో బలం ఉండదు.

ఈలోగా బైపాస్ సరిహద్దుగా మారిపోయింది. చెరువుల ఆక్రమణలను తొలగించడానికి 2024 జూలైలో పెట్టిన హైడ్రాకు పరిధి ఔటర్ దాకా. 2025 చివర్లో ఔటర్ లోపలా, దాన్ని ఆనుకునీ ఉన్న 27 పురపాలికలను హైదరాబాద్ మహానగరపాలికలో కలిపారు. ఒకప్పుడు నగరాన్ని తప్పించుకోవడానికి వేసిన రోడ్డే నగరం కొలత అయింది. ఇక నగరాన్ని తప్పించుకోవడానికి ఇంకో చుట్టు కావాలి.

ఆ చుట్టే ప్రాంతీయ రింగ్ రోడ్డు. సుమారు 340 కిలోమీటర్లు. ఉత్తర భాగం సంగారెడ్డి నుంచి నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా. దక్షిణ భాగం అక్కడినుంచి ఆమనగల్లు, షాద్‌నగర్, చేవెళ్ల వైపుగా మళ్లీ సంగారెడ్డి. రావిర్యాల దగ్గర ఔటర్ నుంచి ఆమనగల్లు దాకా, కొత్తగా తలపెట్టిన ఫ్యూచర్ సిటీ గుండా 41 కిలోమీటర్ల రేడియల్ రోడ్డుకు 2025 సెప్టెంబరులో శంకుస్థాపన చేశారు. ఔటర్‌కూ ప్రాంతీయ రింగ్‌కూ మధ్యనున్న నేలంతా ఇప్పుడు ధరల మంట మీద ఉంది.

రైతు పరిస్థితి కాస్త మెరుగైంది, పూర్తిగా కాదు. జాతీయ రహదారి చట్టం కింద తీసుకునే భూమికి కూడా 2015 నుంచి 2013 చట్టం ప్రకారమే పరిహారం, పునరావాసం ఇవ్వాలి. గ్రామీణ ప్రాంతంలో మార్కెట్ విలువకు కొన్ని రెట్లు వస్తుంది. కానీ సామాజిక ప్రభావ అధ్యయనం, రైతుల సమ్మతి ఇక్కడ వర్తించవు. మార్కెట్ విలువకు మూలం మళ్లీ ఆ రిజిస్ట్రేషన్ లెక్కలే. భువనగిరి దగ్గర రాయగిరి రైతులు అలైన్‌మెంట్ మార్చమని ఆందోళన చేస్తే 2023 జూన్‌లో వాళ్లను బేడీలతో కోర్టుకు తీసుకొచ్చారు. కొన్ని ఊళ్లలో కుటుంబాలు గతంలో కాలువలకో హైవేకో భూమి పోగొట్టుకున్నవే. రెండోసారి, మూడోసారి పోగొట్టుకునే మనిషికి రెట్టింపు పరిహారం ఓదార్పు కాదు.

కొత్త చుట్టుకు ఔటర్ నుంచి తీసుకోవలసింది ప్రవేశ నియంత్రణ. దాని మీద రాజీ పడకూడదు. సర్వీస్ రోడ్డు, గ్రామానికో అండర్‌పాస్, లారీలు ఆగే చోట్లు మొదటి టెండర్లోనే ఉండాలి, తర్వాత అతికించేవి కాకూడదు. భూమి విషయంలో మాత్రం అహ్మదాబాద్‌ను చూడాలి. రోడ్డుకు ఇరువైపులా ఒక కిలోమీటరు పట్టీని సేకరణ నోటిఫికేషన్‌తో పాటే పథకంలోకి తెచ్చి, చేను పూర్తిగా పోయినవాడికి పరిహారంతో పాటు ఆ పట్టీలో అభివృద్ధి చేసిన స్థలం ఇవ్వాలి. పట్టీలో పొలం మిగిలినవాళ్లు కొంత వదులుకోవాలి. వాళ్ల విలువ పెరిగేది పక్కవాడి నష్టం మీదనే కాబట్టి ఇది దానం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో అమరావతి చుట్టూ ఐదు జిల్లాల మీదుగా తలపెట్టిన 190 కిలోమీటర్ల ఔటర్‌కూ ఈ మాటే వర్తిస్తుంది. అక్కడి రైతులకు భూసమీకరణ మంచీ చెడూ రెండూ అనుభవంలో ఉన్నాయి.

ఉత్తర భాగంలో అలైన్‌మెంట్ ఖాయమై సేకరణ చాలా దూరం వెళ్లిపోయింది. దక్షిణ భాగంలో గీత ఇంకా కదులుతూనే ఉంది. ఎకరానికి ఎంత ఇస్తారని మాత్రమే కాక, పక్క పట్టీలో మాకెంత స్థలం అని అడగడానికి ఆమనగల్లు, షాద్‌నగర్, చేవెళ్ల వైపు ఊళ్లకు ఇదే సమయం.